‘ఆలూరు’ నుంచి ఉత్తరం

సాలూరు,
ఆదివారం పొద్దున్న

చి॥ బుజ్జిని పెద్దమావయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. మీ అత్త మోకాలు ఎలా ఉందో అలాగే ఉంది.

మొన్న గురువారం రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాటాడింది. అందులో నా చెవిని పడినవి నాలుగు ముక్కలు. “బుజ్జి... ఉగాది ఎల్లాక... మానీస్తాదట.” ఏది మానీస్తావో ఆ మధ్యలో ఎగిరిపోయింది. ఉద్యోగమా, పాటా? రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగడానికి సిగ్గేసి, “సర్లే, మంచిదే” అనీసి పెట్టీసాను. అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు. మీ అత్తని అడిగితే క్షణంలో తేలిపోతుంది. కానీ అడిగానంటే “ఆ చెవిమిషను కొనుక్కోండంటే వినరు” అని మొదలెడుతుంది. అంచేత రెండింటికీ కలిపి రాస్తున్నాను. నీకు పనికొచ్చే సగం చదువుకుని రెండో సగం దాచిపెట్టుకో. ఎప్పుడో ఒకప్పుడు అదీ కావలసి వస్తుంది.

ముందు ఉద్యోగం సంగతి.

నీ జీతమెంతో నేనడగను. ఆ మైకు, ఆ పెట్టె, దాని వైర్లు, ఇంటద్దె, ఈఎంఐ అన్నీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నీకే తెలుసు. పూర్వం పాటగాడికి విజయనగరం కోటలో మహారాజు ఉండేవాడు. నీకు ఋషికొండ మీద అద్దాల మేడలో కంపెనీ ఉంది. ఆ మహారాజు ఫలానా రాగం పాడమంటే పాడాలి. నీ కంపెనీకి నువ్వేం పాడినా పట్టదు. నాకైతే ఈ మహారాజే నయం.

ఇంట్లోనే సంగీతం ఉన్నవాళ్ళ మాట వేరు. మన శివరామపురం సాలూరి రాజేశ్వరరావుగారు 1935లో ‘శ్రీకృష్ణలీలలు’లో కృష్ణుడు వేసేనాటికి ఇంకా మీసాలు రాలేదు. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగం వాయించేవారు, పిల్లాడు ఆ చప్పుడులోనే పెరిగాడు. నువ్వు పెరిగింది లారీ ఆఫీసులో, ట్రిప్ షీట్ల మధ్య, నా ఒళ్ళో. నాలుగేళ్ళప్పుడు వేగావతి వంతెన అవతల హారన్ మోగితే చాలు, లారీ మలుపు తిరక్కముందే “మావయ్యా, నాన్న!” అనేదానివి. పదింటిలో తొమ్మిది సార్లు మీ నాన్న బండే వచ్చేది. ఆ పదోసారి ఏడుపు లంకించుకునేదానివి, బెల్లం ముక్క పెడితేగానీ ఊరుకునేదానివి కాదు.

అసలు నీకు చెప్పాలనుకున్నది డాక్టరుగారి మాట. శ్రీపాద పినాకపాణిగారు మన శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో 1913లో పుట్టారు. వైద్యం చదివి, వైద్యం పాఠాలు చెప్పి, కర్నూలులో స్థిరపడ్డారు. ఆస్పత్రి ఉద్యోగం చేస్తూనే నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం వంటి వాళ్ళకి సంగీతం నేర్పారు. ‘సంగీత సౌరభం’ అని నాలుగు పెద్ద సంపుటాలు స్వరాలతో సహా రాసిపెట్టారు, తిరుపతి దేవస్థానం వాళ్ళు అచ్చేశారు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 2013లో, వందేళ్ళకి కొద్ది నెలలు తక్కువగా పోయారు. నాకు ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. పగలు రోగి గుండె మీద స్టెతస్కోపు పెట్టి విన్న చెవీ, సాయంత్రం శిష్యుడి గమకం విన్న చెవీ ఒకటే కదా! ఆ చెవిని ఆయన ఎంత జాగ్రత్తగా వాడుకుని ఉండాలి!

పార్వతీపురం పక్కన పెదబొండపల్లి వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేశాడు. చేతికి స్పానరు, నోటికి పాట. ఓడల పనంటే ఇనుప మోతే, అందులోంచి ఆ పాటలన్నీ ఎలా తీశాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే. కాబట్టి ఉద్యోగం ఉంటే పాట రాదన్న మాట నా దగ్గర అనకు.

కానీ బుజ్జీ, నన్ను నిద్రపోనివ్వంది ఉద్యోగం కాదు. నువ్వు పంపిన ఆ వీడియో.

రాత్రి రెండూ పదికి పంపావు. బీరువా తలుపులు బార్లా తెరిచి, చీరల మధ్య మైకు పెట్టి, వెనక అమ్మమ్మ కుట్టిన బొంత వేలాడదీసి పాడుతున్నావు. తెలివైన పనే, గోడల మోత బొంత తాగేస్తుంది. అమ్మమ్మ ఉంటే పొంగిపోయేది. నాకు గుండె కలుక్కుమన్నది నీ చెవుల మీద ఉన్న ఆ నల్ల దొప్పల్ని చూసి. మధ్యాన్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా ఆఫీసులో హెడ్‌సెట్టు. అమెరికావాళ్ళ ఆస్పత్రి బిల్లుల తగువులు ఆ చెవుల్లోనే. ఇంటికొచ్చి, ఇంత తినీసి, ఒంటిగంటకి మళ్ళీ హెడ్‌ఫోన్లు. ఒక్క చరణానికి నలభై టేకులు తీశానని గొప్పగా రాశావు. నలభైసార్లు పాడావంటే నలభైసార్లు విన్నావన్నమాట. ఏ మోతలో విన్నావు?

ఇది ముసలాడి చాదస్తం అనుకోకు. నా ఆడియోగ్రామ్ కాగితం ఈ ఉత్తరం పక్కనే ఉంది. ముప్ఫై ఆరేళ్ళు నేను కూర్చున్న లారీ ఆఫీసుకి ఎడం పక్క గోడ అవతల బాడీ బిల్డింగు షెడ్డు. పొద్దున్న ఎనిమిది నుంచి రేకు మీద సుత్తి. దూది పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను పెట్టుకునేవాణ్ణి కాదు. విశాఖలో చెవి డాక్టరమ్మ గీత గీసి చూపించింది. కుడి చెవి గీత కాస్త తిన్నగానే వెళ్ళింది. ఎడమది 4,000 హెర్ట్జ్ దగ్గర నూతిలో పడ్డట్టు పడింది. మోత వల్ల పోయే చెవి ముందు అక్కడే పోతుందిట. ఒక్కో చెవి లోపల సుమారు 15,000 సన్నటి వెంట్రుక కణాలుంటాయిట. తల మీద జుట్టు ఊడితే మళ్ళీ మొలవచ్చేమోగానీ, ఆ కణం పోతే మనిషికి మళ్ళీ రాదు.

లెక్క కూడా చెప్పింది, రాసుకున్నాను. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండొచ్చు. మూడు పెరిగితే నాలుగు గంటలే. ఇంకో మూడు పెరిగితే రెండు. 100కి చేరితే పావుగంట. హెడ్‌ఫోన్ల మోత చివరికంటా తిప్పితే 100 దాటేవి ఉన్నాయిట. నీ నలభై టేకులకి ఎన్ని పావుగంటలో లెక్క కట్టుకో.

పోయినవి ఏవో చెప్పనా? మనిషి గొంతు పోలేదు, అందులో అంచు పోయింది. భజనలో తాళాలు ఇప్పుడు నాకు చెక్క మీద చెక్క కొట్టినట్టుంటాయి. మాటల్లో ముందుగా పోయేవి సన్నటి హల్లులు. స, శ, ష. బస్సు కాంప్లెక్సులో కండక్టరు “సాలూరు, సాలూరు” అని అరుస్తుంటే నాకు “ఆలూరు, ఆలూరు” అని వినపడుతుంది. పుట్టిన ఊరి పేరు తల లేకుండా వింటున్నాను. మొదటిసారి నవ్వుకున్నాను, రెండోసారి నవ్వు రాలేదు.

ఇప్పుడు నీ పాట మాట. నాకు కమ్మగానే ఉంది, రెండో చరణం ఎత్తుకున్న తీరుకి ఒళ్ళు ఝల్లుమంది. ఎదురింటి ఏడో తరగతి కుర్రాడికి వినిపించాను. ఆ గుంటడు మొహం చిట్లించి, “తాతా, ‘స’ వచ్చినచోటల్లా సూదిలా గుచ్చుతోంది” అన్నాడు. నాకు అక్కడ ‘స’ ఉన్నట్టే తెలీదు. వాడికి గుచ్చుతోంది. మరి నీకు? నీకు గుచ్చి ఉంటే నువ్వే తగ్గించీదానివి. పగలంతా మోత పడ్డ చెవి రాత్రికి మందగిస్తుంది, సన్నటి చప్పుళ్ళు చాలనట్టు అనిపించి వాటిని ఇంకా పెంచుతాం. తెల్లారి లేచి వింటే ముళ్ళు. నీ చెవి ఆ రాత్రి నా చెవి అయిపోయింది, తల్లీ. నిద్రపోతే తిరిగొచ్చింది కాబట్టి సరిపోయింది. ప్రతిసారీ రాదు.

నాకు తిరిగిరాని రోజు ఒకటుంది. విశాఖ రేడియోలో లలిత సంగీతం ఆడిషన్‌కి పిలుపొచ్చింది, అప్పటికి నాకు పాతికేళ్ళు. సెలవు అడగడానికి మొహం చెల్లక, రాయపూర్ నుంచి వచ్చిన బండి పత్రాలు అర్ధరాత్రి దాకా రాసి, అదే రాత్రి చింతపండు లోడుతో విశాఖ వెళ్ళే లారీ ఎక్కాను. కేబిన్‌లో ఇంజను మూత పక్కన చోటు. డ్రైవరు మంచివాడు, నిద్ర రాకుండా దారి పొడుగునా నా చేత పాడించాడు. గజపతినగరం దాటాక టీ తాగించి, “నువ్వు రేడియోలో పాడితే నా బండికి రేడియో పెట్టిస్తా” అన్నాడు. పాపం, అతనికి ఆ ఖర్చు తప్పించాను. దిగేటప్పటికి చెవుల్లో హోరు. స్టూడియోలో తంబూరా మోగుతోంది, నాకు ఆ హోరు వెనకాల ఎక్కడో దూరంగా ఉంది. నేను శ్రుతిలోనే ఉన్నాననుకుంటూ ఆ పాటంతా కిందికి జారి పాడాను. వాళ్ళ తప్పేం లేదు, నాలుగోవారం కార్డు వచ్చీసింది. గొంతు చెడిందనుకుని మిరియాల కషాయం తాగాను ఆర్నెల్లు! చెడింది గొంతు కాదని తెలిసేటప్పటికి షెడ్డు పక్కన ముప్ఫయ్యేళ్ళు అయిపోయాయి.

బీథోవెన్ చెవిటివాడై కూడా రాశాడు కదా అని నువ్వంటావు, నాకు తెలుసు, చిన్నప్పట్నుంచీ నీకు ఎదురు మాట రెడీ. ఆయన అంతకుముందు పాతికేళ్ళు బాగా విన్నాడు, విన్నదంతా తలలో ఉంది. పైగా ఆయన రాసినదాన్ని వాయించడానికి వేరేవాళ్ళున్నారు. నీకు పాడేదీ నువ్వే, వినేదీ నువ్వే, కలిపేదీ నువ్వే. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చూపు బాగా తక్కువ. అయినా విజయనగరం సంగీత కళాశాలకి 1936లో ప్రిన్సిపాలయ్యారు. కళ్ళు సరిగా లేకపోయినా ఫిడేలు ఆగలేదు. చెవి లేకపోతే?

పాత రికార్డులవాళ్ళు నీకంటే అదృష్టవంతులని నాకనిపిస్తుంది. మైనం పలక మీద ఒక పక్కకి మూడు నిమిషాలు. తప్పు పడితే ఆ పలక పనికిరాదు. అంచేత వారాలకి వారాలు ఇంట్లో పాడుకుని, మైకు ముందుకి ఒక్కసారికే వెళ్ళేవారు. నువ్వూ అలా చెయ్యి. వారమంతా హెడ్‌ఫోన్లు లేకుండా ఉత్త శ్రుతిపెట్టె పెట్టుకుని పాడుకో, వంటింట్లో అయినా సరే. ఆదివారం పొద్దున్న, చెవి రాత్రంతా పడుకుని లేచాక, నాలుగు టేకులు తియ్యి. నలభై కాదు. కుక్కర్ విజిల్ పడిందా, పడనీ. పూలమ్మి కేక పడిందా, మరీ మంచిది. ఏ ఊళ్ళో పాడావో తెలుస్తుంది.

ఇంక రెండో సగం. మానీస్తున్నది పాటే అయితే నేను తిట్టను. నీ ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, తొమ్మిది గంటల షిఫ్టు మీద ఇంత నెత్తికెత్తుకుంటే ఎవరికైనా విసుగే. నేను ముప్ఫై ఒకటో ఏట మానీసాను. నీ పురుడికి మీ అమ్మ వచ్చినప్పుడు మంచం వెయ్యడానికి చోటు చాలక హార్మోనియం అటక మీద పెట్టాను. తరవాత దించుదామనుకున్నాను. నీ బారసాల, నీ అక్షరాభ్యాసం, నీ పది పరీక్షలు. మొన్న దించితే తిత్తులు ఎలకలు కొట్టీసి ఉన్నాయి, మెట్లు మాత్రం బాగున్నాయి. బొబ్బిలిలో బాగుచేసేవాడున్నాడట, పంపిస్తున్నాను. వాయించడానికి కాదు, ఊరికే. సరే, వాయిస్తాను. కింది స్థాయి నాకింకా బాగానే వినపడుతుంది.

కొత్త చింతపండు రెండు కిలోలు, కాస్త జీడిపప్పు బుధవారం బస్సులో పంపుతున్నాను. చింతపండు నువ్వు తిను, గొంతుకి మంచిది కాదన్నవాడి మాట వినకు. సంచీ అడుగున నా ఆడియోగ్రామ్ జిరాక్సు ఉంటుంది. ఈ వారంలోనే చెవి డాక్టరు దగ్గరికెళ్ళి నీదీ తీయించుకో, డబ్బులు నేనిస్తాను. ఉగాదికి వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. నీ గీత తిన్నగా ఉంటే మీ అత్త చెప్పిన మిషను నేను కొనుక్కుంటాను, ఇది పందెం.

ఏది మానీస్తున్నావో కాగితం మీద రాయి. ఫోన్లో చెప్పకు, నాకు వినపడదు.

ఆశీస్సులతో,
పెద్దమావయ్య