పెద్దలలో నెఫ్రోటిక్ వ్యాధి – స్టిరాయిడు చికిత్స

మన పాఠశాలలో చదువు బాలుని తండ్రి యొకరు క్రిందటి సంవత్సరము ముఖమును, కాళ్లును వాచి వైద్యునికి చూపుకొనిరి. మాత్రలు వాడగా వాపు తీసినది. వ్యాధి పోయినదని తలచి తమంతట తామే మందు మానిరి. కొలది వారములలో వాపు మరల వచ్చినది. తలిదండ్రులందరు ఈ సంగతి నెరుగుట మంచిదని నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మూత్రపిండములలో రక్తమును వడగట్టు జల్లెడల వంటివి కలవు. అవి చెడినచో ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములో పోవును. పెద్దలలో మాంసకృత్తులు దినమునకు 3.5 గ్రాములకు మించి పోయి, రక్తములో ఆల్బుమిన్ తగ్గి, ఒడలు వాచుటయే నెఫ్రోటిక్ సిండ్రోమ్. వాపునకును, మూత్రములోని ఆల్బుమిన్‌కును, మూత్రపిండముల వ్యాధికిని గల సంబంధమును 1827లో లండను వైద్యుడు రిచర్డ్ బ్రైట్ గ్రంథస్థము చేసెను.

పిల్లలలో ఈ వ్యాధి చాలవరకు ‘మినిమల్ చేంజ్’ అను రకము. స్టిరాయిడుతో సాధారణముగా నాలుగు వారములలో లొంగును. పెద్దలలో కారణములు పెక్కు. కావున తరచుగా సూదితో మూత్రపిండపు తునకను తీసి పరీక్షింతురు. దీనినే బయాప్సీ యందురు.

పెద్దలలోను మినిమల్ చేంజ్ రకమైనచో నూటికి 80 మందికి పైగా గుణము కనబడును. కాని 16 వారముల వరకు పట్టవచ్చును. సగముమందికి పైగా తిరుగబెట్టును. అయినను మూత్రపిండములు సాధారణముగా చెడవు. ఎఫ్.ఎస్.జి.ఎస్. అను రకములో స్టిరాయిడునకు లొంగువారు సుమారు సగము మందియే. ఏ మందునకును లొంగనివారిలో అనేకులకు 5–10 ఏండ్లలో మూత్రపిండములు విఫలమగును. మెంబ్రేనస్ రకము సుమారు మూడవవంతు మందిలో దానంతట అదే తగ్గును. దానికి స్టిరాయిడు ఒక్కటియే చాలదు. మధుమేహమువలన వచ్చినదానికి స్టిరాయిడు మందే కాదు. వాపు ఒక్కటే, ఫలితములు వేరు. కావున పొరుగువారి మాత్రలు మనకు పనికిరావు.

స్టిరాయిడువలన రక్తములో చక్కెర, రక్తపోటు పెరుగవచ్చును, ఎముకలు పలుచబడవచ్చును, కంటిలో శుక్లములు రావచ్చును. అయినను హఠాత్తుగా మానరాదు. మందు వాడినన్నాళ్లు శరీరము తాను తయారుచేసికొను స్టిరాయిడు అణగియుండును. వైద్యుడు చెప్పిన క్రమమున తగ్గింపవలెను. జ్వరము వచ్చినను, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినను, ఆయాసము కలిగినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఉప్పు తగ్గింపవలెను.

ఆ తండ్రి ఇప్పుడు మరల క్రమముగ మందు వాడుచున్నారు. ప్రతి ఉదయము ఆయన బరువును, మాత్రల లెక్కను కుమారుడే నోటుపుస్తకములో వ్రాయుచున్నాడు. వైద్యుడు మొదట అడుగునది ఆ పుస్తకమునే.