పేరు మరచిన నవల – అన్వేషణ పద్ధతి

బాల్యంలో చదివిన ఒక వైజ్ఞానిక నవలలోని యంత్రమో, వింత లోకమో ఏళ్ల తరువాత కూడా మనసును వదలదు. పుస్తకం పేరు, రచయిత పేరు మాత్రం మరపున పడతాయి. గ్రంథాలయాల పట్టికలు రచయితను, గ్రంథనామాన్ని, విషయాన్ని అనుసరించి ఉంటాయి. పాఠకుని స్మృతి సంఘటనలను ఆశ్రయించి ఉంటుంది. ఈ రెంటికీ వంతెన వేయడమే అన్వేషణ. అందుకు అనువైన పద్ధతిని విద్యార్థుల ఎదుట ఉంచదలచినాము.

మొదట స్మృతి స్వభావాన్ని తెలుసుకోవలెను. కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రకటించిన గ్రంథంలో ఒక ప్రసిద్ధమైన పరిశోధన ఉన్నది. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదానిని ఆయన కొందరిచేత చదివించి, కొంత వ్యవధి తరువాత తిరిగి చెప్పించెను. చెప్పినవారి నోట సీళ్ల వేట చేపల వేటగా మారినది. అపరిచితమైన అంశాలు పరిచితమైన వాటి రూపు దాల్చినవి. కనుక నవలను గురించి ఇతరులను అడుగుటకు ముందే, గుర్తున్నదంతా కాగితంపై వ్రాసుకొనవలెను. నిశ్చయంగా తెలిసినది ఒక వైపు, ఊహించినది మరొక వైపు ఉంచవలెను. ఇతరుల మాట చెవిన పడిన పిదప ఈ విభజన కష్టం.

చదివినదీ చూచినదీ కలిసిపోవడం రెండవ చిక్కు. కాలయంత్రంలో శ్రీకృష్ణదేవరాయల సభకు వెళ్లిన కథను నవలలో చదివినామని ఎవరైనా అనుకొనవచ్చును. హెచ్.జి. వెల్స్ 1895లో ప్రకటించిన కాలయంత్ర నవలలో నాయకుడు సుదూర భవిష్యత్తుకు పోతాడు. రాయల సభకు తీసికొనిపోయినది 1991లో వచ్చిన సింగీతం శ్రీనివాసరావు చిత్రం 'ఆదిత్య 369'. కావున "ఇది పుస్తకమా, చిత్రమా?" అన్న ప్రశ్న ముందుగా వేసుకొనదగినది.

'వైజ్ఞానిక నవల' అన్న పేరు కూడా పాఠకుడు పెట్టుకొన్న ఊహ కావచ్చును. గుర్రపు ముఖం గల వింత జీవి లండన్ నగరంలో వచ్చి పడిన కథ ఒకరికి గుర్తున్నదనుకొందాము. గ్రహాంతర వాసుల కథల నడుమ వెదకిన అది దొరకదు. అది విశ్వనాథ సత్యనారాయణ గారి 'హాహా హూహూ'. అందులో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడినవాడు గంధర్వుడు. కథారకాన్ని బట్టి వెదకుటకంటె, మరే కథలోనూ ఉండదనిపించే ఒక్క సంఘటనను పట్టుకొని వెదకుట మేలు.

మన సీమలో భాష విషయం మరింత ముఖ్యం. మదనపల్లె, పుంగనూరులలో తెలుగు, ఉర్దూ ఇరుగుపొరుగు భాషలు. కన్నడ దేశం దాపుననే ఉన్నది. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. అక్కడి పాఠకునికి యంత్రపు కుక్క గుర్తుంటే, అది 1980లలో 'ఆనంద వికటన్'లో సుజాత వ్రాసిన తమిళ ధారావాహిక 'ఎన్ ఇనియ ఇయందిరా' లోని జీనో కావచ్చును. ఉర్దూ చదువరికి జీరోలాండ్ అనే రహస్య రాజ్యం గుర్తుంటే, 1980లో దివంగతుడైన ఇబ్నె సఫీ నవలల వైపు చూడవలెను. అయితే ఆయన ఒకే నాయకునితో వందకు పైగా నవలలు వ్రాసినారు. కాబట్టి ఇమ్రాన్ పేరు తెలిసినంత మాత్రాన నవల తేలదు. ఆ ఒక్క నవలకే చెందిన ఘట్టం కావలెను. ఉర్దూ పేర్లు తెలుగు లిపిలో 'దున్యా', 'దునియా' వంటి భిన్న రూపాలు పొందుతాయి గనుక అన్ని రూపాలలోనూ వెదకవలెను.

వెదకే చోట్లు రెండు విధాలు. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం ప్రకాశకులు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం మొదలైన వాటికి ప్రతులు పంపవలెను. కావున ముద్రిత గ్రంథానికి అక్కడ జాడ ఉండవచ్చును. వారపత్రికలో ధారావాహికగా వచ్చి పుస్తకం కాని నవలకు ఆ జాడ ఉండదు. పాత పత్రికల సంపుటాలను, చందాదారులు కత్తిరించి కుట్టించుకొన్న ప్రతులను ఆశ్రయించవలెను. పుస్తకంగా వచ్చినపుడు పేరు మారడం కూడా కద్దు.

అద్దె పుస్తకాల దుకాణాలలో చేతులు మారి నలిగిన నవలలే ఒక తరానికి చదువు రుచి చూపినవి. వాటిని అల్పసాహిత్యమని భద్రపరచకపోవడం చేతనే అనేకం పొట్లాల కాగితాలైపోయినవి. ప్రతి నశించిన పిదప పాఠకుని స్మృతి ఒక్కటే సాక్ష్యం. ఆ పాఠకులు నేడు వృద్ధులు.

కనుక కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపం ఇది. గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ భాషలకు ఒక దస్తరం తెరిపించవలెను. సెలవులలో విద్యార్థులు తమ ఇళ్లలోని పెద్దలు చదివిన నవలల కథలను, చదివిన ఊరును, ఏటిని, భాషను విని అందులో వ్రాయవలెను. దొరికిన ప్రతి పాత నవల ముఖపత్రాన్ని నకలు తీయవలెను. ఖర్చు స్వల్పం. ఎవరో ఒకరి తాతగారు వెదకుచున్న నవల మరొకరి అటకపై ఉండవచ్చును. ఆ రెంటినీ కలుపగలిగినది ఈ దస్తరమే.