మహమ్మారి రోజుల్లో హాస్టల్లో చేరుతున్నారా? ఇలా చేయండి

మన దేశంలో కోవిడ్ మొట్టమొదట బయటపడింది ఒక విద్యార్థినిలోనే. వూహాన్‌లో వైద్యం చదువుతూ కేరళలోని త్రిస్సూర్‌కి వచ్చిన అమ్మాయికి జబ్బు సోకినట్టు 2020 జనవరి 30న తేలింది. రెండు నెలలు తిరక్కుండానే యూనివర్సిటీలు మూతపడ్డాయి, హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి. అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అయితే అలాంటి గాలి జబ్బు ఇంకోటి రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. అది వచ్చిన రోజుల్లో మీరు హాస్టల్లో కొత్తగా చేరాల్సి వస్తే ఏం చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. గేటు దగ్గర హడావుడి ఎంతైనా ఉండనివ్వండి. జబ్బు అంటుకునేది ఎక్కువగా గదిలో, మెస్‌లో. అందుకే నా మాటలూ అక్కడే ఎక్కువసేపు ఆగుతాయి.

1. సర్క్యులర్ మీద తేదీ చూడండి

మహమ్మారి కాలంలో నియమాలు నిలకడగా ఉండవు. 2020 నవంబరులో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం విద్యార్థుల్లో సగానికి మించి ఒకేసారి క్యాంపస్‌లో ఉండకూడదు, హాస్టల్ గదిని పంచుకోకూడదు. ఇంట్లోనే కోలుకునేవాళ్ళు విడిగా ఉండాల్సిన గడువు 2021లో పది రోజులు, 2022 జనవరికి ఏడు రోజులు. కాబట్టి సీనియర్ ఎవరో ఫార్వర్డ్ చేసిన పాత పీడీఎఫ్ పట్టుకుని బస్సెక్కకండి.

బయల్దేరే ముందే వార్డెన్‌ని మూడు ప్రశ్నలు అడగండి. జ్వరం వస్తే ఏ గదికి మారుస్తారు? అక్కడికి భోజనం ఎవరు తెస్తారు? ఆ రోజుల హాజరు ఎలా లెక్కేస్తారు? మూడోదానికి మొహమాటపడకుండా మెయిల్లోనే జవాబు తీసుకోండి. హాజరు 75 శాతం కన్నా తగ్గుతుందన్న భయం ఉంటే ఒళ్ళు కాలిపోతున్నా పిల్లలు నోరు విప్పరు. జ్వరమొచ్చినవాణ్ణి నేరస్థుడిలా చూసే హాస్టల్లో జ్వరం ఎవరికీ రాదు, పారాసెటమాల్ మాత్రం తెగ అమ్ముడుపోతుంది.

2. పెట్టెలో ఏం సర్దుకోవాలి?

డిజిటల్ థర్మామీటర్, పల్స్ ఆక్సీమీటర్, పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు. సొంత కంచం, గ్లాసు, చెంచా, పెద్ద నీళ్ళ సీసా. చిన్న టేబుల్ ఫ్యాను ఒకటి. మాస్కుల్లో ఎన్95 రకం మేలు, కానీ ముందు భాగంలో ప్లాస్టిక్ వాల్వు ఉన్నది కొనకండి. ఆ వాల్వులోంచి మీరు వదిలే గాలి వడపోత లేకుండా నేరుగా ఎదుటివాళ్ళ మీదికి పోతుంది. నాలుగైదు మాస్కులు దగ్గర ఉంచుకుని, ఒక్కోదాన్నీ కాగితం కవర్లో ఆరబెట్టి, రోజుకొకటి మార్చి వాడండి. వీటిని ఉతక్కూడదు. ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్ళతో నొక్కాలి. మాట్లాడేటప్పుడు మాస్కు గడ్డం కిందికి లాగేవాళ్ళున్నారే, వాళ్ళకి సరిగ్గా మాస్కు అవసరమయ్యేది ఆ క్షణంలోనే.

3. గేటు దగ్గర

సెక్యూరిటీ ఆయన థర్మల్ గన్ మీ మణికట్టుకి గురిపెడతాడు, అంకె వేస్తాడు, రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటాడు. దారం కట్టి వేలాడదీసిన ఆ ఒక్క పెన్నునే పొద్దుటినుంచీ వందలమంది పట్టుకుని ఉంటారు. మీ పెన్ను మీరు తీసుకెళ్ళండి. ఆ అంకెను మరీ నమ్మకండి కూడా. ఎండలోంచి వస్తే ఎక్కువ చూపిస్తుంది, పారాసెటమాల్ వేసుకుని వస్తే జ్వరమే కనిపించదు. మనుషుల మీద మందు చల్లే సొరంగాలు ఎక్కడైనా పెడితే పక్కనుంచి వెళ్ళండి. వాటి వల్ల మేలు లేదు, కళ్ళకీ చర్మానికీ హాని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది.

4. గదిలో గాలి ఆడనివ్వండి

చేరిన రోజే మంచాలు జరపండి. ఒకరి తల ఉన్నవైపు పక్కమంచం మీద పడుకునేవాళ్ళ కాళ్ళు ఉండాలి. ఉత్తరం వైపు తల పెట్టొద్దని ఇంట్లో చెప్పే ఉంటారు. పడక అలా కుదిరితే సరే, కుదరకపోతే అమ్మకి చెప్పకండి. నిద్రలో గంటల తరబడి ఒకరి ఊపిరి ఒకరి మొహం మీద పడకపోవడమే ఇప్పుడు కావలసింది.

కిటికీ, తలుపు రెండూ కాస్తయినా తెరిచి ఉంచండి. టేబుల్ ఫ్యానుని కిటికీలో బయటికి తిప్పి పెడితే గదిలో గాలి బయటికి పోతుంది, తలుపు వైపునుంచి కొత్తగాలి వస్తుంది. దోమలుంటే కిటికీకి నెట్ కొట్టించుకోండి. స్ప్లిట్ ఏసీ చల్లబరిచేది గదిలో ఉన్న గాలినే, బయటి గాలిని తేదు. క్లాసుల్లోనూ ఇంతే. కిటికీ పక్క బెంచీ పట్టండి.

ఇక అర్ధరాత్రి పుట్టినరోజులు. ఒక గదిలో పాతికమంది, చప్పుడు వార్డెన్‌కి వినపడకుండా మూసిన కిటికీలు, కేకు మీద కొవ్వొత్తులు ఊదడం, ఆ కేకే మొహాలకి పూయడం, పైగా అరుపులు, పాటలు. జబ్బుకి ఇంతకంటే మంచి వేదిక దొరకదు. మానేయమంటే మీరు మానరని తెలుసు. మేడ మీద జరుపుకోండి, కొవ్వొత్తి చేత్తో ఆర్పండి.

5. మెస్ వేళలు మార్చుకోండి

2020 డిసెంబరులో ఐఐటీ మద్రాసులో వందమందికి పైగా కోవిడ్ వచ్చింది. విద్యార్థులతోపాటు మెస్ సిబ్బందికీ సోకింది. అప్పుడక్కడ నడుస్తున్నది ఒక్కటే మెస్, అందరూ చేరేది అక్కడే. ఆ తర్వాత భోజనం పొట్లాలు కట్టి గదులకి పంపారు. తినేటప్పుడు మాస్కు ఉండదు, మాటలు ఆగవు. మెస్ ప్రమాదమంతా అదే.

అందుకని గంట కొట్టగానే పరిగెత్తకండి. క్యూ పలచబడ్డాక మీ కంచంలో వడ్డించుకుని చెట్టుకిందికో వరండాలోకో వెళ్ళి తినండి. మాటలు తిన్నాక పెట్టుకోవచ్చు. వాటర్ కూలర్ దగ్గర గొలుసు కట్టిన గ్లాసు ముట్టుకోవద్దు. మీరు కరుచుకుని తాగిన సీసా ఇంకొకరికి ఇవ్వొద్దు. వడ్డించే అన్న, గదులు ఊడ్చే అక్క రోజూ ఊళ్ళోంచి వచ్చిపోతుంటారు. వాళ్ళు ఎదురైనప్పుడు మాస్కు తప్పనిసరి. ఒంట్లో బాగాలేదని సెలవు పెడితే వాళ్ళ జీతం కోస్తారేమో కనుక్కోండి. కోస్తున్నారంటే మెస్ కమిటీలో గొడవ చేయండి, ఎందుకంటే కూలి పోతుందని దగ్గుతూనే వడ్డించే పరిస్థితి తెచ్చింది మనమే అవుతాం.

6. బాత్రూం, ల్యాబ్

బ్రష్షు గదిలోనే ఉంచుకోండి. రద్దీ లేని వేళ స్నానం చేయండి. నేలకి బ్లీచింగ్ చల్లిన చోట టాయిలెట్ కడిగే యాసిడ్ పోయకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ల్యాబ్‌లో బర్నర్ వెలిగించే ముందు చేతికి రాసుకున్న శానిటైజర్ పూర్తిగా ఆరాలి. అందులో అరవై శాతానికి పైగా ఆల్కహాలే ఉంటుంది, ఇట్టే అంటుకుంటుంది. సబ్బూ నీళ్ళూ దొరికితే ఇరవై సెకన్లు కడుక్కోవడమే సుఖం.

7. జ్వరం వచ్చిన రాత్రి

ముందు రూమ్‌మేట్‌తో చెప్పండి, ఇద్దరూ మాస్కు పెట్టుకోండి. వార్డెన్‌కీ హెల్త్ సెంటర్‌కీ ఫోన్ చేయండి. రాత్రి బస్సెక్కి ఊరికి పోవాలనిపిస్తుంది, పోకండి. బస్సులో నలభైమంది, ఇంట్లో నానమ్మ ఉంటారు. కోవిడ్ లాంటి జబ్బుకి ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చినా లక్షణాలుంటే ఆర్టీపీసీఆర్ చేయించుకోవాలి.

ఆక్సీమీటర్ పెట్టుకునే ముందు పావుగంట కదలకుండా కూర్చోండి. గోళ్ళరంగు తుడిచేయండి, చేతులు చల్లగా ఉంటే రుద్దుకోండి. వేలు పెట్టగానే కనిపించే అంకెను రాసుకోకండి. అది నిలకడగా నిలిచేదాకా ఆగి, టైంతో సహా నోట్‌బుక్‌లో రాయండి. నాలుగైదు గంటలకోసారి ఇలాగే చూసుకోండి. 94 కన్నా తగ్గినా, ఆయాసం, ఛాతీనొప్పి, మాట తడబాటు, పెదాలు నీలంగా మారడం కనిపించినా ఇక పొద్దున దాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి.

వాట్సాప్‌లో తిరిగే మందుల చీటీ జోలికి పోకండి. ముఖ్యంగా స్టెరాయిడ్లు. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల ప్రాణాలు కాపాడిన డెక్సామెథసోన్ వల్ల ఆ అవసరం లేనివాళ్ళకి మేలు జరగలేదని 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనంలో తేలింది. 2021లో బ్లాక్ ఫంగస్ బారిన పడినవాళ్ళలో చాలామంది షుగరు ఉన్నవాళ్ళు, స్టెరాయిడ్లు వాడినవాళ్ళు.

విడిగదిలో మూడోరోజుకి ఒంటరితనం మీద పడుతుంది. రూమ్‌మేట్‌ని రోజూ ఒక వేళకి వీడియో కాల్ చేయమనండి. దిగులు మరీ ఎక్కువైతే 14416కి చేయండి. అది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

8. తగ్గాక

జ్వరం తగ్గిన మర్నాడే క్రికెట్‌కి దిగకండి. ముందు నడక, ఆయాసం లేకపోతే ఆ తర్వాత పరుగు. గుండె దడ, ఛాతీలో పట్టేసినట్టు ఉంటే డాక్టర్‌కి చూపించండి. హెల్త్ సెంటర్ ఇచ్చే సర్టిఫికెట్‌లో జ్వరం మొదలైన తేదీ, విడిగా ఉన్న రోజులు రెండూ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఇంటర్నల్స్ మొదలయ్యే లోపే దాన్ని డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి.