'హార్డ్' వేరు, 'హార్డ్‌లీ' వేరు



కిందటి టర్మ్‌లో ఒక ఆరో తరగతి పాప డైరీలో 'షి హార్డ్‌లీ రీడ్స్ ఎట్ హోమ్' అని రాశాను. మర్నాడు వాళ్ళ నాన్నగారు సంతకం పెట్టి, కింద 'థాంక్యూ మేడమ్' అని రాసి పంపారు. రెండు నెలల తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో అసలు సంగతి తెలిసింది. పాప ఇంట్లో బాగా కష్టపడి చదువుతోందని నేను మెచ్చుకున్నాననుకున్నారట. నేను రాసిందేమో, ఇంట్లో పుస్తకం పట్టుకోవడమే లేదని! ఆయన తప్పేమీ లేదు. 'హార్డ్' అంటే కష్టం, 'లీ' అంటే 'గా' అని క్లాసులో మేమే చెబుతాం మరి.

తెలుగులో ఈ తేడా పట్టుకోవడం తేలిక. అందం నామవాచకం, అందమైన విశేషణం, అందంగా క్రియా విశేషణం. ఇంగ్లీషులో బ్యూటీ, బ్యూటిఫుల్, బ్యూటిఫుల్లీ కూడా అలాగే సరిపోయేసరికి పిల్లలు 'గా' ఉన్నచోటల్లా 'లీ' పెట్టేస్తారు. నా దగ్గరికి వచ్చే నోటుబుక్కుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే: 'ద వాటర్ ఈజ్ కోల్డ్‌లీ', 'మై మదర్ ఈజ్ హ్యాపీలీ'.

ఎందుకంటే మనం 'నీళ్ళు చల్లగా ఉన్నాయి', 'అమ్మ సంతోషంగా ఉంది' అంటాం. తెలుగులో 'ఉండు' ముందు కూడా 'గా' వస్తుంది. ఇంగ్లీషులో ఆ చోట విశేషణమే రావాలి: 'ద వాటర్ ఈజ్ కోల్డ్'. చల్లదనం నీళ్ళది, ఏదో పని చేసే తీరు కాదు. అదే 'తాతయ్య నెమ్మదిగా నడుస్తున్నారు' అంటే నెమ్మది నడకది. కాబట్టి అక్కడ 'స్లోలీ'. 'ఎలా?' అని అడిగి ఆడ్వర్బ్ కనుక్కోమని గైడ్లలో ఉంటుంది. మన పిల్లల్ని అదే ముంచుతుంది, 'నీళ్ళు ఎలా ఉన్నాయి?' అని కూడా మనం అడుగుతాం కదా. దానికి బదులు ఇలా అడగండి: ఈ మాట మనిషి గురించో వస్తువు గురించో చెబుతోందా, లేక జరిగే పని గురించా? మనిషి, వస్తువు అయితే ఆడ్జెక్టివ్. పని అయితే ఆడ్వర్బ్. ('వెరీ హాట్'లో 'వెరీ' లాంటివి కూడా ఆడ్వర్బులే. వాటితో పిల్లలకు పెద్దగా ఇబ్బంది లేదు.)

ఇక 'లీ' సంగతి. 'ఫ్యామిలీ' కింద గీత గీసి ఆడ్వర్బ్ అని రాసిన బాబుని చూసి నవ్వాను గానీ, 'చివర లీ ఉంటే ఆడ్వర్బ్' అని చెప్పింది నేనే. 'లీ' తీసేసి ముందున్న మాట చూడమనండి. 'స్లో' ఆడ్జెక్టివ్, 'లీ' చేరితే ఆడ్వర్బ్. 'ఫ్రెండ్', 'కాస్ట్' నామవాచకాలు, 'లీ' చేరితే 'ఫ్రెండ్లీ', 'కాస్ట్లీ' అనే ఆడ్జెక్టివ్‌లు. 'ఫ్యామిలీ'లో 'లీ' తీస్తే ఏ మాటా మిగలదు. 'డైలీ', 'మంత్లీ' మాత్రం రెండు వైపులా ఉంటాయి. మీ చేతిలో ఉన్నది మంత్లీ న్యూస్‌లెటర్, అక్కడ ఆడ్జెక్టివ్. అది మంత్లీ వస్తుంది, ఇక్కడ ఆడ్వర్బ్.

'హార్డ్'కి మన మార్కాపురం పలకనే తీసుకోండి. 'ద స్లేట్ ఈజ్ హార్డ్': పలక గట్టిది, ఆడ్జెక్టివ్. 'షి రబ్డ్ ద స్లేట్ హార్డ్': గట్టిగా తుడిచింది, ఆడ్వర్బ్. మాట మారలేదు, పని మారింది. 'షి హార్డ్‌లీ రబ్డ్ ద స్లేట్' అంటే తుడిచీ తుడవనట్టు వదిలేసింది. 'లేట్' కూడా అంతే. శ్రీశైలం బస్సు ఆలస్యంగా వస్తే 'కేమ్ లేట్' అనాలి. 'లేట్లీ' అంటే ఈమధ్య అని.

నామవాచకాల్లో తిప్పలు పెట్టేది 'హోమ్'. మనం 'ఇంటికి' అంటాం కాబట్టి పిల్లలు 'ఐ వెంట్ టు హోమ్' అని రాస్తారు. స్కూలుకైతే 'టు' కావాలి, 'స్కూల్' అక్కడ నామవాచకం. 'ఐ వెంట్ హోమ్'లో 'హోమ్' ఎక్కడికో చెప్పే ఆడ్వర్బ్, 'కి' అందులోనే ఉంది. 'దిస్ ఈజ్ మై హోమ్' అన్నప్పుడు మాత్రం నామవాచకమే.

ఈ వారం రాత్రి భోజనాల దగ్గర తెలుగులోనే ఒక్కో వాక్యం చెప్పి చూడండి: 'అన్నం వేడిగా ఉంది', 'తమ్ముడు గబగబా తింటున్నాడు'. వేడి ఎవరిది, గబగబా దేనిది అని అడగండి. ఇంగ్లీషు మాట పిల్లలే చెబుతారు. ఇంగ్లీషు రాదని వెనకాడకండి, ఈ ప్రశ్నకు తెలుగు చాలు.

డైరీల్లో ఇప్పుడు నేను 'డజ్ నాట్ రీడ్ ఎట్ హోమ్' అనే రాస్తున్నాను. అది చూసి ఎవరూ థాంక్యూ రాయడం లేదు, ఫోన్ చేస్తున్నారు.