విమాన ప్రమాదములు – విచారణ విధానము

విమానము కూలిన మరునాడు పత్రికలన్నియు అడుగు ప్రశ్న ఒక్కటే: తప్పెవరిది? విచారణాధికారుల ప్రశ్న వేరు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1951లో తొలిసారిగా ఆమోదించిన పదమూడవ అనుబంధము ఈ విచారణలకు మూలాధారము. అట్టి ప్రమాదము మరల జరుగకుండ చూచుటయే విచారణకు ప్రయోజనమని, నిందను మోపుట దాని పని కాదని ఆ అనుబంధము చెప్పుచున్నది. దీనికి తోడుగా, అంతగా చర్చకు రాని మరియొక విచారణ కూడ కలదు. మరణించినవారిలో ఎవరెవరో తేల్చుట దాని పని. ఈ రెండవ విచారణతో మన ఉప్పల్, నాచారము ప్రాంతములకు దగ్గరి సంబంధమున్నది గనుక రెండింటిని కలిపి పరిశీలింతము.

2010 మే 22వ తేదీ ఉదయము ఆరు గంటలు దాటిన కొద్ది నిమిషములకు దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 విమానము మంగళూరులో రన్‌వే దాటిపోయి లోయలో పడి దగ్ధమైనది. అందున్న 166 మందిలో 158 మంది మరణించినారు. ఎనిమిది మంది బయటపడినారు. గల్ఫు దేశములలో పనిచేసి ఇంటికి తిరిగివచ్చువారు ఆ విమానములో ఎందరో ఉండిరి. మన జిల్లాల నుండియు వేలాదిమంది అట్టి విమానములలోనే రాకపోకలు సాగించుచుందురు గనుక ఇది మనకు పరాయివారి కథ కాదు.

ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే ఆధ్వర్యమున ఏర్పడిన విచారణ సంఘమునకు 'బ్లాక్ బాక్సు' ముఖ్యాధారమైనది. పేరునకు నలుపేగాని, శిథిలములలో సులభముగ కనబడుటకై దానికి నారింజ రంగు పూయుదురు. అందొక భాగము విమానపు ఎత్తు, వేగము మొదలగు వానిని నమోదు చేయును. రెండవది కాక్‌పిట్‌లోని ధ్వనులను భద్రపరచును. ఈ విమానములోని ధ్వనిముద్రణ సుమారు రెండు గంటలది. అందులో మొదటి గంటా నలుబది నిమిషములు కమాండరు మాట దాదాపు లేదు, వినవచ్చినది గురక. గాఢనిద్ర నుండి లేచిన మనిషి బుద్ధి వెంటనే తేరుకొనదని వైద్యులు చెప్పుదురు. దిగవలసిన వేళకు విమానము ఉండవలసినదానికంటె చాల ఎత్తున ఉండెను. భూసామీప్యమును హెచ్చరించు యంత్రము మరల మరల అరచినది. దిగుట మాని మరల పైకి లేపుమని సహపైలటు మూడుసార్లు చెప్పినాడు. కమాండరు వినలేదు. 8,033 అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు గడచిన తరువాత చక్రములు నేలను తాకినవి. అప్పుడైనను పూర్తిగా బ్రేకులు వేసియున్నచో విమానము రన్‌వే లోపలనే ఆగియుండెడిదని విచారణలో లెక్క తేలినది. నేలను తాకిన పిమ్మట కమాండరు మరల పైకెగుర ప్రయత్నించుటతో ఆ అవకాశము కూడ చేజారినది.

ఆ మూడు హెచ్చరికల దగ్గర మనము కొంత ఆగవలయును. సహపైలటుకు ప్రమాదము తెలియును. నోటితో చెప్పినాడు కూడ. అయినను పైఅధికారి చేతినుండి అదుపును తాను తీసుకొనలేదు. పెద్దల మాటకు ఎదురాడరాదని పెరిగిన మనకు ఈ సంకోచము అర్థము కానిది కాదు. కాక్‌పిట్‌లో మాత్రము అది ప్రాణాంతకము. అందుచేతనే పైలట్ల శిక్షణలో చిన్నవాడు చెప్పుటయు, పెద్దవాడు వినుటయు నేర్పవలసిన విద్యలైనవి.

మంగళూరు చితులు చల్లారకముందే, అదే సంస్థకు చెందిన దుబాయి–పూణె విమానమునకు మరియొక గండము వచ్చినది. కమాండరు మరుగుదొడ్డికి వెళ్ళినప్పుడు సహపైలటు తన ఆసనమును సర్దుకొనుచు నియంత్రణ దండమును ముందుకు నెట్టినాడు. 37,000 అడుగుల ఎత్తున ఉన్న విమానము సుమారు 7,000 అడుగులు క్రిందికి జారినది. కమాండరు అత్యవసర సంకేతముతో తలుపు తెరచుకొని లోనికి వచ్చి దానిని నిలిపినాడు. ఎవరును మరణించలేదు. అయినను దానిపై విచారణ జరిగినది. ప్రాణనష్టము లేని సంఘటనలో సాక్షులందరు బ్రతికియుందురు. యంత్రము చెక్కుచెదరక ఉండును. నేర్చుకొనుటకు ఇంతకంటె చౌకయైన అవకాశము వేరొకటి లేదు.

ఇక రెండవ విచారణ. మంగళూరులో దేహములు గుర్తుపట్టరానంతగా కాలిపోయినవి. ఉంగరమును, గడియారమును, గుడ్డపేలికను చూచి బంధువులు తమవారిని గుర్తించి తీసుకొనిపోయినారు. చివరకు 22 దేహములు మిగిలినవి. వాని గుర్తింపు హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. అను డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రమునకు అప్పగింపబడినది. ఈ సంస్థ తొలినాళ్ళలో నాచారములో నడచినది; ప్రమాదము నాటికి నాంపల్లిలో ఉండెను; నేడు ఉప్పల్‌లో ఉన్నది. దీనికి పునాది వేసిన శాస్త్రమును డాక్టర్ లాల్జీ సింగ్ 1980ల చివర ఉప్పల్ మార్గములోని సి.సి.ఎం.బి.లో రూపొందించినారు. అందుకు ఆధారమైన డి.ఎన్.ఏ. ఖండము కట్లపాము నుండి లభించినదని చెప్పిన విద్యార్థులు ఆశ్చర్యపడుదురు.

పరీక్ష సూత్రము సరళమైనది. మన డి.ఎన్.ఏ.లో కొన్నిచోట్ల చిన్న ఖండములు వరుసగ పునరావృతమగును. ఎన్నిసార్లు అనునది మనిషికి మనిషికి మారును. ప్రతిచోటను ఒక సంఖ్య తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి వచ్చును. ఒకచోట తల్లికి 7, 9, తండ్రికి 6, 11 ఉన్నవనుకొందము. బిడ్డకు 7, 11 ఉండవచ్చును. 9, 6 ఉండవచ్చును. 8 మాత్రము సాధారణముగ రాదు. ఇట్లు అనేక స్థానములను పోల్చినచో బంధుత్వము తేలును. దేహము కాలినను ఎముకలోను, దంతములోను ఈ లిపి తరచు మిగిలియుండును.

ఆ 22 దేహములలో పదింటికి పేర్లు దొరకినవి. తక్కిన పన్నెండు, తమవారికై రక్తమిచ్చిన బంధువులలో ఎవరితోను సరిపోలలేదు. దీని అర్థము స్పష్టము. ఆ పన్నెండు దేహముల సొంతవారు ఇతరుల దేహములను తమవారివిగ భావించి అప్పటికే కొనిపోయినారు. నిజమైన హక్కుదారులు ఆశతో రక్తమిచ్చి, రిక్తహస్తములతో మిగిలినారు. ఖననమైనదానిని తిరిగి పరీక్షింపవచ్చునేమో; దహనమైనదానిని పరీక్షించుట ఎట్లు?

బంధువులను తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. జనాజా నమాజుకు గాని, దహన సంస్కారమునకు గాని ఆలస్యము కూడదని మన ఇండ్లలో అందరు ఎరిగినదే. మార్చురీ వాకిట నిలిచిన తండ్రిని నాలుగు దినములు ఆగుమనుట కఠినమే. అయినను గుర్తుపట్టరాని దేహములన్నిటి నుండియు, అప్పగించుటకు ముందే, ఒక దంతమునో ఎముక ముక్కనో తీసి దాచుట అధికారులకు అసాధ్యమేమి కాదు. ఆ పని జరిగియున్నచో పొరపాటును తరువాతనైనను సరిదిద్ద వీలుండెడిది.

మే 27వ తేదీన ఆ పన్నెండు దేహములను మంగళూరు దగ్గర కూళూరు–తణ్ణీరుబావి ప్రాంతములో, గురుపుర నది సమీపమున ఖననము చేసినారు. ఏ గోతిలో ఎవరున్నారో ఎవరికిని తెలియదు గనుక, అచ్చట హిందూ, ముస్లిం, క్రైస్తవ ప్రార్థనలు మూడును జరిపినారు.