మాటకు మడవ

(తృతీయ బి.ఎస్సి. విద్యార్థి)

ముందుగా ఒక చిన్న ప్రయోగం. ముక్కు కింద చల్లని అద్దం పెట్టి "పాప" అనండి. ఊపిరి వదలకుండా అద్దం తీసి చూడండి, మసక పట్టదు. ఇప్పుడు "మామ" అనండి. అద్దం మీద ఆవిరి! రెండు మాటలకూ పెదవులు ఒకేలా మూశాం. మరి తేడా ఎక్కడ?

అంగిలి వెనుక భాగంలో. నాలుకతో తడిమితే అంగిలి ముందు గట్టిగా, వెనక మెత్తగా తగులుతుంది. ఆ మెత్తని భాగమే మృదుతాలువు. "ప" పలికేటప్పుడు అది పైకి లేచి, గొంతు వెనుక గోడకు ఆని, ముక్కు దారి మూస్తుంది. "మ", "న" వంటి అనునాసికాలకు కిందికి దిగుతుంది. మా పొలంలో నాన్న పారతో మడవ కట్టి నీటిని ఒక బోదె నుంచి ఇంకో బోదెకు మళ్ళించినట్టే.

మా చెల్లికి ఈ మడవ సరిగా పడదు. అంగిలి చీలికతో పుట్టింది. పెదవో, అంగిలో, రెండూనో చీలి పుట్టేవాళ్ళు సుమారు 700 మందికి ఒకరని లెక్క. గ్రహణం నాడు అమ్మ కూరగాయలు తరిగిందని నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. కాని అసలు సంగతి వేరు. గర్భంలో తొలి మూడు నెలల్లో, రెండు వైపుల నుంచీ పెరిగే అంగిలి భాగాలు మధ్యలో కలవాలి. కలవకపోతే చీలిక. ఇందులో గ్రహణం పాత్ర ఏమీ లేదు.

మూడో ఏట ఆపరేషన్ అయింది, రంధ్రం మూసుకుంది. మాట మాత్రం ముక్కులోంచే వస్తుంది. క్లాసులో జవాబు తెలిసినా లేచి చెప్పదు. "కుట్లు బాగానే ఉన్నాయి కదా" అన్నారు ఒక డాక్టరుగారు. కుట్లు బాగుంటే మాటెందుకు బాగులేదు? ఆ ప్రశ్నే నన్ను ఈ విషయం చదివించింది.

మృదుతాలువును ఎత్తే ముఖ్య కండరం కపాలం అడుగున రెండు వైపులా మొదలై, మధ్యలో కలిసి, ఊయలలా వేలాడుతుంది. చీలిక ఉన్నవారిలో దాని పోగులు కలవక, గట్టి అంగిలి అంచుకు అతుక్కుంటాయి. పైపొర కుట్టినంత మాత్రాన ఊయల రాదు. పోగుల్ని విడదీసి, వెనక్కి తిప్పి, కలపాలి. కలిశాయో లేదో నోరు తెరిచి చూస్తే తెలియదు. ముక్కులోంచి పంపే ఎండోస్కోపు మూత పడుతోందో లేదో చూపుతుంది గాని లోపలి కండరాన్ని చూపదు. ఎక్స్-రే చలనచిత్రమూ అంతే, పైగా రేడియేషన్.

ఎం.ఆర్.ఐ.కి ఆ బెడద లేదు. ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న అయస్కాంతాల వంటివి. 3 టెస్లాల యంత్రంలో, అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 60,000 రెట్ల బలంలో, అవి సుమారు 128 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలకు స్పందిస్తాయి. ఆ స్పందన నుంచే బొమ్మ తయారవుతుంది. 1973లో ఈ పద్ధతిని ప్రకటించిన పాల్ లాటర్‌బర్‌కూ, దాన్ని వేగవంతం చేసిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

మామూలు ఎం.ఆర్.ఐ.లో కదలకూడదు. మాటంటేనే కదలిక! అందుకే డైనమిక్ ఎం.ఆర్.ఐ.లో ఒకే పొరను సెకనుకు పది, ఇరవై, అంతకు మించి సార్లు తీస్తారు. మనిషి పలుకుతూ ఉంటే అంగిలి లేవటం, కండరం కుంచించుకోవటం సినిమాలా కనిపిస్తాయి. కండరాన్ని మళ్ళీ కలపాలా, అంగిలి పొట్టిదా, మాట శిక్షణ చాలునా అని తేల్చటానికి ఇది ఆధారం.

చిక్కులూ ఉన్నాయి. పడుకునే మాట్లాడాలి, అప్పుడు అంగిలి బరువుకు వెనక్కి జారుతుంది. యంత్రం మోతలో మాట వినపడదు. పసిపిల్లలు బెదురుతారు, మత్తు ఇస్తే మాట్లాడలేరు. అందుకే ఇది ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనల్లోనే ఉంది.

మొన్న సంక్రాంతికి చెల్లి ముక్కు కింద అద్దం పెట్టాను. "పాప" అంది. అద్దం మసకబారింది. "తప్పు పలికానా అన్నయ్యా?" అంది.

"తప్పు నీది కాదే, మడవది."

నాన్న విని, "మడవదైతే బాగు చేసుకుందాం, ఎక్కడికెళ్ళాలో కనుక్కో" అన్నాడు. కనుక్కుంటున్నాను.

మీ ఊళ్ళో ఇలాంటి బిడ్డ ఉంటే గ్రహణాన్ని తిట్టి ఊరుకోకండి. అంగిలి ఆపరేషన్ ఏడాది, ఏడాదిన్నర లోపు జరగటం మంచిది. ఆ తర్వాత కూడా మాట ముక్కులోంచి వస్తుంటే, కుట్లు మానాయి కదా అని వదిలెయ్యక మళ్ళీ చూపించండి.