కోలుకుంటున్నవారి టైమ్‌టేబుల్

సమస్య: బైపోలార్ రుగ్మతతో ఆసుపత్రిలో ఉండి, నాలుగు నెలల కిందట ఇంటికి వచ్చిన పాతికేళ్ల యువకుడు గ్రూప్-2కు మళ్లీ చదవాలనుకుంటున్నాడు. రోజుకు పన్నెండు గంటల టైమ్‌టేబుల్ రాసి గోడకు అంటించుకున్నాడు. రెండు రోజులు నెట్టుకొచ్చినా మూడో రోజు మంచం దిగలేకపోయాడు. మందుల వల్లే బుర్ర మొద్దుబారుతోందని, మానేస్తే చదవగలనని అతని నమ్మకం. ఇంట్లోవాళ్లు అసలు చదువే వద్దంటున్నారు.

సలహా: చదవాలన్న కోరికను ఎవరూ తుంచకూడదు. కోలుకోవడానికి అదే పెద్ద అండ. అయితే బైపోలార్ ఉన్నవారికి పుస్తకం కంటే ముందు కుదుటపడాల్సింది నిద్ర. నిద్ర చెడితే ఉన్మాద దశ తిరగబెట్టవచ్చు కాబట్టి, తెల్లవార్లూ చదవడం ఈ యువకుడికి ముప్పే. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ ఫ్రాంక్ బృందం రూపొందించిన చికిత్స చాలావరకు దినచర్య మీద ఆధారపడింది. మంచం దిగిన వేళ, మొదట ఇంకొకరితో మాట్లాడిన వేళ, పని మొదలుపెట్టిన వేళ, రాత్రి భోజనం, పడుకున్న వేళ ఏ రోజుకారోజు రాసుకోవాలి. గోడ మీద ముందు ఉండాల్సిన పట్టిక ఇది.

ఆ వేళలు కొన్ని వారాలు నిలకడగా సాగాక చదువు పెంచుకోవచ్చు. అప్పటిదాకా నలతగా ఉన్న రోజున కూడా పూర్తిచేయగలిగినంతే పెట్టుకోవాలి, పాలిటీలో రెండు పేజీలైనా సరే. ఒక్కసారిగా ఊపు వచ్చి, మూడు నాలుగు గంటల నిద్రతోనే హుషారుగా అనిపిస్తే గంటలు పెంచకూడదు. జబ్బు మళ్లీ మొదలవుతోందనడానికి అది సూచన కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

మందులు సొంతంగా ఆపడం మాత్రం చాలా ప్రమాదం. లిథియంలాంటివి ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది. మందుల వల్ల వచ్చే మగతకు పరిష్కారం ఉంది: మోతాదు గానీ, వేసుకునే వేళ గానీ, మందు గానీ డాక్టరు మార్చగలరు. పొద్దున ఎన్నింటిదాకా మగత ఉంటోందో, చదివింది ఎంతసేపు గుర్తుంటోందో రాసుకెళ్తే ఆ నిర్ణయం తేలికవుతుంది.

ఇంట్లోవాళ్లు పేజీలు లెక్కపెట్టడం, చదువు మాన్పించడం రెండూ వదిలి, రాత్రి పదింటికి టీవీ కట్టేస్తే చాలా మేలు చేసినవాళ్లవుతారు. సందేహాలుంటే టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈసారి గ్రూప్-2 నోటిఫికేషన్‌కు రాయాలా, తర్వాతిదాకా ఆగాలా అన్నది రెండు మూడు నెలల నిద్ర పట్టికను డాక్టరుతో కలిసి చూశాక అతనే తేల్చుకోవాలి.